ఫ్రాన్సిస్ టర్బైన్‌కు పేరిచ్చిన మనిషి

హిల్ కాలనీలోనో పైలాన్ కాలనీలోనో కాపురముండి, సాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రంలో షిఫ్టు డ్యూటీలు చేసి, ఇప్పుడు మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేటలలో స్థిరపడిన మన సభ్యులు ఫ్రాన్సిస్ అనే మాటను తమ సర్వీసులో ఎన్ని వేలసార్లు పలికి ఉంటారో! అది ఒక మనిషి పేరని అందరికీ తెలిసిందే. ఆ మనిషి కూడా మనలాగే ఒకే సంస్థలో చేరి, తల నెరిసేదాకా పనిచేసి రిటైరైన ఉద్యోగి అన్న సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు.

జేమ్స్ బిచెనో ఫ్రాన్సిస్ 1815 మే 18న ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో, సౌత్‌లీ అనే పల్లెలో జన్మించారు. తండ్రి నిర్మాణ పనులు చూసే ఇంజనీరు. పద్నాలుగో ఏటనే బడి మాని, వేల్స్‌లో హార్బరు పనుల దగ్గర తండ్రికి సహాయకుడిగా చేరారు. 1833లో ఓడెక్కి అమెరికా చేరుకున్నారు. అక్కడ జార్జి వాషింగ్టన్ విస్లర్ అనే ఇంజనీరు కింద రైలు మార్గం పని దొరికింది. మరుసటి ఏడు విస్లర్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని లోవెల్ పట్టణానికి వెళుతూ ఈ కుర్రవాణ్ణి కూడా వెంట తీసుకువెళ్ళారు. చేరింది డ్రాఫ్ట్స్‌మన్‌గా. 22 ఏళ్ళకే, అంటే 1837లో, చీఫ్ ఇంజనీరయ్యారు. మన రోజుల్లో సీనియారిటీ లిస్టు చూసుకుంటూ కూర్చున్న వాళ్ళకు ఇది కాస్త అసూయ కలిగించే విషయమే!

లోవెల్ నూలు మిల్లుల ఊరు. మెర్రిమాక్ నది అక్కడ సుమారు 30 అడుగుల మేర దిగువకు పడుతుంది. ఆ నీటిని కాలువల్లోకి మళ్ళించి మిల్లులకు అమ్మే కంపెనీయే ఫ్రాన్సిస్ పనిచేసిన సంస్థ. నీటిని అమ్మడానికి వాళ్ళకొక కొలమానం ఉండేది. 30 అడుగుల హెడ్ మీద 25 క్యూసెక్కుల నీరు ఒక మిల్‌పవర్. కాగితం మీద లెక్క బాగానే ఉంది. కానీ ఏ మిల్లు నిజంగా ఎన్ని క్యూసెక్కులు వాడుతున్నదో తేల్చేదెవరు? ఎడమ కాలువ మీద పనిచేసిన మన మిత్రులకు ఈ తగాదా గురించి వేరే చెప్పనక్కరలేదు. ఎగువవాడు ఎక్కువ తీసుకున్నాడని దిగువవాడి ఫిర్యాదు ఏ దేశంలోనైనా ఒకటే.

ఫ్రాన్సిస్ జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబు వెతకడంలోనే గడిచిందని నా అభిప్రాయం. అడ్డుగట్టు మీదుగా పొర్లే నీటిని కొలవడానికి ఆయన ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేశారు. చిన్న తొట్టెల్లో కాదు, నిజమైన కాలువల్లో. వాటి నుంచి వచ్చిందే హైడ్రాలిక్స్ క్లాసులో మనం బట్టీపట్టిన 3.33 సూత్రం. అడుగుల లెక్కలో, గట్టు పొడవును నీటి ఎత్తు ఒకటిన్నర ఘాతంతో గుణించి, దాన్ని 3.33తో హెచ్చిస్తే క్యూసెక్కులు వస్తాయి. గట్టు రెండు చివరలా నీటి ధార కుదించుకుపోయే చోట పొడవులో కొంత తగ్గించాలని చెప్పిందీ ఆయనే.

ఇక టర్బైన్ సంగతి. 1840ల్లో లోవెల్‌లో యురయా బాయ్డెన్ అనే ఇంజనీరు ఫ్రెంచి టర్బైన్‌ను మెరుగుపరచి మిల్లులకు అమర్చేవారు. అందులో నీరు మధ్య నుంచి బయటికి ప్రవహిస్తుంది. 1846లో ఆపిల్టన్ కంపెనీ మూడు యంత్రాలకు ఆయనతో చిత్రమైన ఒప్పందం చేసుకున్నది. సామర్థ్యం 78 శాతం ఉంటే 1200 డాలర్లు, ఆపైన ప్రతి ఒక్క శాతానికి మరో 400. పరీక్షల రీడింగులు తెచ్చి లెక్కకట్టమని ఫ్రాన్సిస్ చేతికిచ్చారు. ఆయన పెన్సిలు ఒక శాతం అటూ ఇటూ కదిలితే 400 డాలర్లు చేతులు మారతాయి. తేలింది 88 శాతం. కంపెనీ మారు మాట లేకుండా 5200 డాలర్లు చెల్లించింది. ఇరుపక్షాలకూ ఆయన లెక్క మీద అంత నమ్మకం.

బయటి నుంచి లోపలికి నీరు పారే చక్రం ఫ్రాన్సిస్ ఊహ కాదు. శామ్యూల్ హౌడ్ అనే అమెరికన్ 1838లోనే దానికి పేటెంటు తీసుకున్నారు. చౌకరకం పనితనంతో ఆ చక్రాలు నడుస్తూనే ఉన్నాయి. ఫ్రాన్సిస్ ఆ పద్ధతిని తీసుకుని, నీరు ఏ కోణంలో ప్రవేశించాలి, రెక్క ఏ వంపులో ఉండాలి అని లెక్కగట్టి, 1849లో బూట్ మిల్లుకు చక్రాలు రూపొందించారు. తానే పరీక్షించారు. వచ్చింది సుమారు 80 శాతం! బాయ్డెన్ యంత్రం కంటే తక్కువే. ఆ అంకెను ఆయన దాచలేదు. 1855లో ప్రచురించిన లోవెల్ జలప్రయోగాల గ్రంథంలో కొలతలన్నీ ఉన్నవి ఉన్నట్టే అచ్చువేశారు. ఆ పట్టికలు చూసి తరువాతి వారు రన్నర్‌ను మెరుగుపరిచారు. ఈనాటి యంత్రాలు 90 శాతం దాటాయి. పేరు మాత్రం ఆయనదే నిలిచింది. హౌడ్‌కు అన్యాయం జరిగిందనేవారు ఉన్నారు, అందులో కొంత నిజమూ ఉంది.

మన కేంద్రానికి వస్తే, 1978లో మొదలైన 110 మెగావాట్ల యూనిట్, ఆ తరువాత 1985 నాటికి వచ్చిన 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడూ, అన్నీ ఈ జాతివే. మొత్తం 815.6 మెగావాట్లు. స్పైరల్ కేసింగ్ నుంచి గైడ్ వేన్ల గుండా నీరు రన్నర్ లోపలికి ప్రవేశించి, డ్రాఫ్ట్ ట్యూబ్ గుండా కిందికి దిగిపోతుంది. అదే రన్నర్‌ను మోటారుతో వెనక్కు తిప్పితే నీరు లోపలి నుంచి బయటికి విసిరివేయబడుతుంది, అంటే సెంట్రిఫ్యూగల్ పంపు అన్నమాట. దిగువన సత్రశాల దగ్గర టెయిల్‌పాండ్ కట్టింది ఆ నీటిని నిలిపి మళ్ళీ పైకి తోడడానికే. తన చక్రం ఎదురు తిరిగి నదిని రిజర్వాయరులోకి ఎత్తిపోస్తుందని ఫ్రాన్సిస్ ఊహించి ఉండరు.

ఆయన చేసిన మరో పని ఆనాడు నవ్వులపాలైంది. పాత వరదల జాడలు పరిశీలించి, మెర్రిమాక్ ఎప్పటికైనా కాలువ వెంట వచ్చి ఊరిని ముంచుతుందని లెక్కవేసి, 1850లో కాలువ మీద ఒక బ్రహ్మాండమైన కొయ్య గేటు కట్టించి పైకెత్తి ఉంచారు. జనం దానికి ఫ్రాన్సిస్ పిచ్చితనం అని పేరు పెట్టారు. రెండేళ్ళకే, 1852 ఏప్రిల్‌లో, వరద వచ్చింది. గేటును పట్టి ఉంచిన ఇనుప కట్టును తెగ్గొట్టి కిందికి దించారు. ఊరు దక్కింది. నవ్వినవాళ్ళే అభినందించారు.

1880లో అమెరికా సివిల్ ఇంజనీర్ల సంఘానికి అధ్యక్షులయ్యారు. లోవెల్‌లో 50 ఏళ్ళ సర్వీసు పూర్తిచేసి 1884లో రిటైరయ్యారు. ఆ తరువాత కూడా సలహాలకు పిలుస్తూనే ఉండేవారు. అలా పిలిచిన పనుల్లో ఒకటి ఆయన పేరుకు కాస్త మచ్చ తెచ్చింది. 1889 మే 31న పెన్సిల్వేనియాలో సౌత్‌ఫోర్క్ డ్యామ్ తెగి జాన్స్‌టౌన్ పట్టణం కొట్టుకుపోయింది. 2,209 మంది చనిపోయారు. ఆ డ్యామ్ ధనికుల వినోద క్లబ్బుది. గట్టు ఎత్తు తగ్గించారనీ, నీరు వదిలే అడుగు తూములు లేవనీ, పొర్లుదారికి చేపలు పోకుండా జాలీలు బిగించారనీ ఆరోపణలు. ఇంజనీర్ల సంఘం విచారణ కమిటీకి 74 ఏళ్ళ ఫ్రాన్సిసే నాయకత్వం వహించారు. నివేదిక 1890 జనవరికే సిద్ధమైనా 1891 దాకా బయటికి రాలేదు. ఆ మార్పులు చేయకపోయినా డ్యామ్ తెగేదేనని అందులో తేల్చారు. ఈ మధ్య, 2016లో, కొందరు శాస్త్రజ్ఞులు మళ్ళీ లెక్కలు కట్టి ఆ తీర్పు సరికాదని, గట్టు తగ్గించడమే పెద్ద కారణమని చూపారు. పాత వరద జాడలు వెతికి ఊరిని కాపాడిన మనిషి ఈ నివేదిక మీద ఎలా సంతకం చేశారా అని చదివిన వారికి అనిపించక మానదు.

1892 సెప్టెంబరు 18న లోవెల్‌లోనే ఆయన కన్నుమూశారు. తండ్రి ఖాళీ చేసిన ఉద్యోగంలో అప్పటికే కుమారుడు ఉన్నారు. 1936 మార్చిలో మెర్రిమాక్‌కు మళ్ళీ పెనువరద వచ్చింది. ఎనిమిది దశాబ్దాలకు పైబడిన ఆ కొయ్య గేటును లోవెల్ వాసులు మరొకసారి కిందికి దించారు.