హాఫ్కిన్ గారు - ఒక సీసా కథ

పరేలులో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ గోడ వారగా పనులకు పోయే మన తెలుగువారు ఎందరో ఉన్నారు గాని, ఆ పేరుగల మనిషి ఎవరని విచారించినవారు తక్కువ.

వాల్డెమార్ హాఫ్కిన్ గారు 1860లో నల్లసముద్రపు రేవు ఒడెస్సాలో యూదు కుటుంబమున జన్మించినారు. పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో కలరాకు టీకామందు తయారుచేసి, 1892 జూలైలో ముందుగా తన శరీరమునకే ఎక్కించుకొన్నారు. మరుసటి ఏడు కలకత్తా చేరినారు.

1896లో బొంబాయి మాండ్వీ పేటలో ప్లేగు బయలుదేరింది. ప్రభుత్వము పిలిపించగా, గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వరండా, ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు - ఇంతే పరివారముతో మూడు నెలలలో మందు సిద్ధము చేసినారు. 1897 జనవరి 10న మళ్లీ తన ఒంటికే గుచ్చుకొన్నారు. (ఆ గుమాస్తా మా వృత్తివాడు గనుక ప్రత్యేకముగా స్మరించుచున్నాను.)

1902 అక్టోబరు 30న పంజాబులోని ముల్కోవాల్ గ్రామములో 107 మందికి టీకాలు వేసినారు. వారిలో ఒకే సీసా నుండి మందు పొందిన 19 మంది ధనుర్వాతముతో చనిపోయినారు. ఆ వార్త ఊళ్లకు ఊళ్లు ప్రాకింది. టీకా వేసుకొని ప్లేగు రాక తన పొలమునకు తాను పోయే రైతు ఎన్నడూ వార్త కాడు. పందొమ్మిది శవములు వార్తే. జనము టీకా పేరు చెబితే భయపడినారు.

విచారణ సంఘము, సీసాలోనికి విషము బొంబాయి ప్రయోగశాలలోనే చేరినదని అభిప్రాయపడింది. హాఫ్కిన్ గారిని పదవి నుండి తప్పించినారు. సస్పెన్షన్ ఒక్క కాగితముతో వచ్చును, దానిని రద్దుచేయించుటకు ఎన్ని కాగితములు కావలెనో మా వంటివారికి చెప్పనక్కరలేదు.

నిజమేమనగా, ఆ సీసా బిరడా తీయుటకు వాడిన పటకారు ముల్కోవాల్‌లో నేలపై పడినది. సహాయకుడు దానిని మంటలో కాల్చక, కార్బాలిక్ నీటిలో ముంచి ఊరకున్నాడు. ధనుర్వాతపు క్రిములు మట్టిలో ఉండునవి. పైగా అవి ముందే సీసాలో పెరిగియుంటే, మూత తీయగానే దుర్గంధము వచ్చియుండవలెను. అట్టి వాసన ఎవరికీ తెలియలేదు.

ఈ వాదము ఫైళ్లలోనే మురిగిపోయెడిదే. దానిని సామాన్య చదువరుల ముందు పెట్టినవారు రోనాల్డ్ రాస్ గారు. 1897లో మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచిన రాస్ గారే వీరు. 1907 జూలై 29న లండన్ టైమ్స్ పత్రికలో రాస్ గారును, మరి తొమ్మిదిమంది శాస్త్రజ్ఞులును కలిసి చేవ్రాళ్లతో లేఖ ప్రకటించినారు. ఆ నవంబరులో ప్రభుత్వము హాఫ్కిన్ గారిని నిర్దోషిగా అంగీకరించింది. నాలుగేండ్లు పట్టని మాట, అచ్చులో పడిన నాలుగు నెలలకు చెవికెక్కినది!

అయినా పరేలు ఆయనకు తిరిగి దక్కలేదు. కలకత్తాకు పంపినారు, అచ్చట ప్లేగు మందు చేసే పని లేదు. పింఛను పుచ్చుకొని ఐరోపాకు వెళ్లిపోయినారు. 1925లో పరేలు ప్రయోగశాలకు ఆయన పేరు పెట్టినారు. 1930 అక్టోబరు 26న స్విట్జర్లాండు దేశపు లోసాన్ నగరములో కన్నుమూసినారు.