లేఖలలో కాశీయాత్ర: ఏనుగుల వీరాస్వామయ్య

పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్ళలో తెలుగువాడు లేఖ రాయడానికి పూనుకుంటే ముందుగా ఆలోచించవలసింది సంబోధనను గురించి. పండితునికి బ్రహ్మశ్రీ, అధికారికి మహారాజరాజశ్రీ, కుమారునికి చిరంజీవి. ఆ వెనుక ఉభయకుశలోపరి. ఆ తరువాతనే చెప్పదలచుకొన్న మాట. దొరతనానికి పెట్టుకొనే అర్జీకి ఒక మర్యాద, ఇంటికి రాసే ఉత్తరానికి వేరొక మర్యాద. ఈ మర్యాదలన్నీ తెలిసి, వాటిని ఎంతవరకు పాటించాలో, ఎక్కడ సడలించాలో ఎరిగిన లేఖకుడు ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో జన్మించాడు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయాడు. స్వయంకృషితో ఇంగ్లీషు నేర్చి, చిన్న వయసులోనే కుంపిణీ కొలువులో ప్రవేశించి, క్రమంగా మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ పదవికి ఎదిగాడు. దుబాసీ అంటే రెండు భాషల నడుమ వారధి. సాక్షి తన పలుకుబడిలో చెప్పిన మాటను న్యాయమూర్తికి అర్థమయ్యే ఇంగ్లీషులోకి మార్చాలి. న్యాయమూర్తి ప్రశ్నను సాక్షికి తెలిసే మాటల్లో అడగాలి. పదం మారితే అర్థం మారుతుంది, అర్థం మారితే తీర్పు మారుతుంది. ఎవరి ముందు ఏ భాష పనిచేస్తుందో ఆయనకు పుస్తకాల కంటె ఈ వృత్తే బాగా నేర్పి ఉంటుంది.

1830 మే 18న ఆయన మద్రాసు నుంచి కాశీకి బయలుదేరాడు. వెంట సుమారు నూరుమంది పరివారం. రైళ్ళు లేని కాలమది. తిరుపతి, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరుల మీదుగా ప్రయాగ, కాశీ చేరి, గయ, కలకత్తా చూసి, పూరీ జగన్నాథం నుంచి తూర్పు తీరం వెంట 1831 సెప్టెంబరు 3న తిరిగి మద్రాసు చేరుకొన్నాడు. పల్లకీలలో, పడవలలో, డేరాలలో పదిహేను నెలలకు పైగా గడిచాయి.

బయలుదేరేటప్పుడు ఆయన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళె ఒక కోరిక కోరాడు. దారిలో చూసిన వింతలూ విశేషాలూ ఎప్పటికప్పుడు రాసి పంపమన్నాడు. వీరాస్వామయ్య అంగీకరించాడు. అయితే ఏ భాషలో రాయడం?

ఈ ప్రశ్న అంత తేలికైనది కాదు. కాశి అనగానే తెలుగువారికి స్ఫురించేది శ్రీనాథుని కాశీఖండం. పుణ్యక్షేత్రాన్ని వర్ణించాలంటే పద్యమో, దీర్ఘసమాసాలతో కూడిన గద్యమో ఉండాలన్నది నాటి సాహిత్య సంప్రదాయం. కావ్యభాషలో రాసి పండితుల మెప్పు పొందాలన్న కోరిక ఎవరికైనా కలుగుతుంది. అటువంటి భాషలో రాస్తే క్షేత్ర మాహాత్మ్యం వెలిగేది. కాని ఏ ఊరిలో బియ్యం దొరుకుతాయి, ఏ వాగు దాటడానికి పడవ ఉన్నది, ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ సుంకంవాళ్ళు ఆపుతారు అన్న సంగతులు దానిలో ఇమిడేవి కావు. మిత్రునికి కావలసినవి ముఖ్యంగా ఇవే.

వీరాస్వామయ్య మిత్రునితో ఎదుట కూర్చొని మాట్లాడినట్లే రాశాడు. నాటి మద్రాసు తెలుగువారి నోళ్ళలో నలిగిన మాటలనే వాడాడు. కచేరీ, రస్తా, సవారీ, డేరా వంటి అన్యదేశ్యాలను ఏరివేయడానికి ప్రయత్నించలేదు. వాక్యం ఒక్కొక్కచోట పొడుగై, ఒక సంగతిలోంచి మరొక సంగతిలోకి జారిపోతుంది. నేటి పాఠకుడు అక్కడ కొంత తడబడక తప్పదు. అయినా మార్గం, దూరం, ఊరిలోని అంగళ్ళు, అధికారుల తీరు, నాణేల మార్పు, ప్రజల ఆచారాలు కళ్ళకు కట్టినట్లు కనిపిస్తాయి. నిజాం రాజ్యంలో జనం ఆయుధాలు ధరించి తిరగడాన్ని గురించి రాసినపుడు ఆయనలోని ఆందోళన కూడా తెలుస్తుంది. అలంకారాల మాటున ఆ ఆందోళన అణగిపోయి ఉండేది.

వాడుక భాష రాయడమంటే అశ్రద్ధగా రాయడమని ఆయన భావించలేదు. తేదీలు, దూరాలు జాగ్రత్తగా నమోదు చేశాడు. ఆత్మస్వరూపాన్ని, కర్మను, ఆచారధర్మాలను చర్చించవలసి వచ్చినపుడు అదే కలం సంస్కృత పదాలను ఆశ్రయించింది. ఆ విషయానికి ఆ పదాలే తగినవి గనుక ఎబ్బెట్టుగా తోచదు. చర్చ ముగిసి ప్రయాణం తిరిగి సాగగానే మళ్ళీ ఇంటి తెలుగు. చదివేవాడు ఒక్కడే అయినా విషయాన్ని బట్టి భాష స్థాయి మారడం ఈ లేఖలలో గమనింపదగిన అంశం.

యాత్ర తరువాత వీరాస్వామయ్య ఎక్కువ కాలం జీవించలేదు. 1833లో కరువు వచ్చినపుడు మద్రాసులో అన్నార్తులకు గంజి పోయించే పనిలో పాలుపంచుకొన్నాడు. 1836లో మరణించాడు. లేఖలు అందుకొన్న శ్రీనివాస పిళ్ళె వాటిని భద్రపరచి, 1838లో కాశీయాత్ర చరిత్ర పేరుతో అచ్చువేయించాడు. మిత్రుని కోసం రాసిన ఆ తెలుగును గ్రంథం కాబోతున్నది గదా అని గ్రాంథికంలోకి మార్పించకపోవడం శ్రీనివాస పిళ్ళె చేసిన మేలు.

ఆ తరువాత కాలం మారింది. చిన్నయసూరి నీతిచంద్రిక 1853లో, బాలవ్యాకరణం 1858లో వెలువడ్డాయి. వచనానికి సలక్షణమైన గ్రాంథికమే ప్రమాణమైంది. ఆ కొలతతో చూస్తే వీరాస్వామయ్య తెలుగు తప్పుల తడక. గిడుగు వేంకట రామమూర్తి ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో వ్యావహారికం కోసం వాదించినపుడు, తెలుగులో పాత వచనం చాలావరకు వాడుక భాషకు దగ్గరగానే ఉన్నదని నిదర్శనాలతో చూపాడు. అటువంటి వచనానికి కాశీయాత్ర చరిత్ర కంటె పెద్ద ఉదాహరణ దొరకడం కష్టం.

ఈ గ్రంథాన్ని 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించి మళ్ళీ ప్రకటించాడు. వీరాస్వామయ్య జీవితాన్ని, నాటి దేశకాల పరిస్థితులను తెలిపే విషయాలు ఎన్నో చేర్చాడు. శ్రీనివాస పిళ్ళెకు ఏ వివరణా అక్కరలేని ఆ ఉత్తరాలు అప్పటికి నూట పది సంవత్సరాల నాటివి.