చిన్న తూటాకూ అంతే శ్రద్ధ.. తుపాకుల ఉస్తాద్ జాన్ బ్రౌనింగ్

ఎన్‌సీసీ క్యాంపుకు వెళ్లొచ్చిన పిల్లల్ని అడిగితే .22 రైఫిల్ గురించి చెబుతారు. పాయింట్ టూ టూ అంటారు దాన్ని. తూటా మందం ఐదున్నర మిల్లీమీటర్లు, అంతే. చూడ్డానికి బొమ్మలా ఉంటుంది. కానీ ఇంత చిన్న తూటాతో ప్రతిసారీ నమ్మకంగా పేలే రైఫిల్ తయారు చేయడం తేలికైన పని కాదు. ఆ పని బాగా తెలిసిన ఉస్తాద్‌లలో ముందు చెప్పుకోవాల్సిన పేరు జాన్ మోజెస్ బ్రౌనింగ్.

అమెరికాలోని యూటా ప్రాంతం, ఆగ్డెన్ అనే ఊళ్లో 1855 జనవరి 23న పుట్టాడు. తండ్రి జొనాథన్ తుపాకులు బాగుచేసే కమ్మరి. మోర్మన్ అనే క్రైస్తవ శాఖకు చెందిన కుటుంబం. తండ్రికి ముగ్గురు భార్యలు, 22 మంది పిల్లలు. జాన్ పెద్దగా చదువుకోలేదు. తండ్రి వర్క్‌షాపే ఆయనకు బడి. పద్నాలుగేళ్లు కూడా నిండకముందే పాత సామాను ఏరుకుని సొంతంగా తుపాకి చేశాడు.

1879లో తండ్రి చనిపోయాడు. అదే ఏడాది జాన్‌కు మొదటి పేటెంట్ వచ్చింది, ఒక్కో తూటా పెట్టి కాల్చే రైఫిల్ మీద. అన్నదమ్ములంతా కలిసి చిన్న కార్ఖానా పెట్టారు. ఆ రైఫిల్ ఒకటి ఎలాగో వించెస్టర్ కంపెనీ చేతికి చేరింది. కంపెనీ పెద్దమనిషి బెన్నెట్ 1883లో స్వయంగా ఆగ్డెన్ వచ్చి, 8 వేల డాలర్లకు హక్కులు కొనుక్కుపోయాడు. అప్పట్లో చిన్న ఊరి కుర్రాళ్లకు అది చాలా పెద్ద మొత్తం.

ఇక .22 సంగతికొద్దాం. పెద్ద తూటాకు వెనక మధ్యలో చిన్న టోపీలాంటి ప్రైమర్ ఉంటుంది, పిన్ను దాన్ని కొడుతుంది. .22లో అది ఉండదు. రేకు గొట్టం అడుగున చుట్టూ ఉన్న అంచు లోపలే పేలే మందు ఉంటుంది. పిన్ను ఆ అంచును నొక్కితే పేలుతుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. చౌక, చప్పుడు తక్కువ, దెబ్బ తక్కువ. కానీ తంటాలూ ఎక్కువే. అంచులో మందు సమానంగా పరుచుకోకపోతే పిన్ను పడ్డచోట పేలదు. ఒక తూటా అంచు ఇంకో తూటా అంచుకు తగులుకుంటే మ్యాగజైన్ ఇరుక్కుపోతుంది. సీసం మెత్తన, పైన మైనం లాంటి పూత, దాంతో లోపల మురికి పేరుకుంటుంది.

ఈ తూటాకు బ్రౌనింగ్ సోదరులు గీసిన పంప్ రైఫిల్‌కు 1888లో పేటెంట్ వచ్చింది. నమూనా బొమ్మలు చూసి ఇది పనిచేయదని వించెస్టర్ ఇంజనీర్లు అన్నారనీ, అన్నదమ్ములు మాటలు పెంచకుండా తుపాకే చేసి పంపారనీ చెబుతారు. అదే వించెస్టర్ మోడల్ 1890. ముందు చెయ్యితో లాగి తోస్తే ఖాళీ గొట్టం బయటకు పోతుంది, కొత్త తూటా లోపలికి వస్తుంది. అంటే యంత్రం తిరగడానికి తూటా బలం మీద ఆధారపడదు. మొదట్లో ఒక్కో రైఫిల్‌కు ఒకే పొడవు తూటా. కొలత తేడా రాకపోతే ఇరుక్కునే అవకాశమూ తగ్గుతుంది. మేళాల్లో డబ్బులిచ్చి గురి చూసి కాల్చే దుకాణాల్లో ఈ రైఫిల్ పొద్దుగూకులూ పేలుతూనే ఉండేది. మొత్తం 8 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి.

దాని బారెల్ 24 అంగుళాలు. బారెల్ పొడవైతే తూటా వేగం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెద్ద తుపాకుల్లో అది చాలావరకు నిజమే. .22లో మందు చిటికెడు. సుమారు 16 అంగుళాలు దాటేసరికి దాని తోపుడు దాదాపు అయిపోతుంది. ఆ తర్వాత లాభం నామమాత్రం, రాపిడి వల్ల వేగం కాస్త తగ్గినా తగ్గొచ్చు. పొడవుతో వచ్చే ఫాయిదా వేరే ఉంది. ముందు గురికీ వెనక గురికీ దూరం పెరిగి గురి బాగా కుదురుతుంది, చప్పుడు తగ్గుతుంది. మోయడానికి మాత్రం పొట్టిదే హాయి. బ్రౌనింగ్ డిజైన్ తోనే వించెస్టర్ తెచ్చిన మోడల్ 1900 బారెల్ 18 అంగుళాలే, ధర 5 డాలర్లు. కొత్తగా నేర్చుకునే కుర్రాడికి అది చాలు.

వ్యాపారం లెక్క ఇప్పుడు చూడాలి. వించెస్టర్ ఆయన దగ్గర డిజైన్లను ఏకమొత్తం ఇచ్చి కొనేది. వాటిలో చాలావాటిని అసలు తయారే చేయలేదు, పోటీ కంపెనీల చేతికి పోకుండా బీరువాలో పెట్టుకుంది. 1902లో తన ఆటోమేటిక్ షాట్‌గన్‌కు అమ్మిన ప్రతిదాని మీదా రాయల్టీ కావాలని బ్రౌనింగ్ అడిగాడు. కంపెనీ కుదరదంది. దాదాపు 19 ఏళ్ల సంబంధం అక్కడితో తెగింది. రెమింగ్టన్ ఆఫీసుకు వెళ్లి కూర్చుంటే, అదే రోజు ఆ కంపెనీ అధినేత గుండెపోటుతో చనిపోయాడన్న కబురొచ్చింది. అప్పుడు ఓడెక్కి బెల్జియంలోని ఎఫ్‌ఎన్ కంపెనీకి వెళ్లాడు. వాళ్లు ఒప్పుకున్నారు. తన కష్టానికి తగిన వాటా అడగడం అత్యాశ కాదు, హక్కు.

ఆ బెల్జియంలోనే 1914లో ఆయన .22 ఆటోమేటిక్ రైఫిల్ వచ్చింది. బారెల్ 19 అంగుళాల పైచిలుకు. తూటాలు వెనక కట్టెలోని గొట్టంలో వరుసగా ఉంటాయి. ఖాళీ గొట్టాలు కిందికి రాలతాయి, కాల్చేవాడి మొహం మీదికి రావు. పనిముట్టు అవసరం లేకుండా రెండు ముక్కలుగా విడదీసి తుడుచుకోవచ్చు. శుభ్రం చేయడం తేలికైతే మనిషి బద్ధకించడు. .22 మొరాయించకుండా ఉండటానికి సగం మందు అదే. ఆయన పోయాక దశాబ్దాల తరబడి ఈ రైఫిల్‌ను బెల్జియంలోనూ, తర్వాత జపాన్‌లోనూ చేస్తూ వచ్చారు.

అదే 1914, జూన్ 28. బోస్నియాలోని సారాయెవోలో ఆస్ట్రియా యువరాజును, ఆయన భార్యను చంపిన పిస్తోలు కూడా బ్రౌనింగ్ గీసినదే. ఆ కాల్పుల తర్వాతే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. యుద్ధంలో ఆయన మెషీన్‌గన్‌ను అమెరికా సైన్యం పరీక్షిస్తే, ఒకటి 48 నిమిషాలు ఆగకుండా పేలింది. ప్రభుత్వం ఇస్తానన్న ఏడున్నర లక్షల డాలర్లకే హక్కులు ఇచ్చేశాడు. మామూలు రాయల్టీ లెక్కన దానికి ఎన్నో రెట్లు వచ్చేది. డబ్బు దగ్గర ఆయన పెద్ద మనసు అది. కానీ ఇరుక్కోని తుపాకి ఎవరి చేతిలోనైనా ఇరుక్కోదు. ఈ ప్రశ్నకు ఏ ఉస్తాద్ దగ్గరా జవాబు లేదు.

1926 నవంబర్ 26న, లీజ్ దగ్గరి ఎఫ్‌ఎన్ ఫ్యాక్టరీలోనే గుండె ఆగి చనిపోయాడు. వయసు 71. పేరు మీద 128 పేటెంట్లు. సగంలో ఉన్న షాట్‌గన్ పనిని కొడుకు వాల్ పూర్తి చేశాడు.

మన దగ్గర .22 రైఫిల్‌కూ లైసెన్సు ఉండాల్సిందే. చిన్నదని చులకన చేయకూడదు, ఆ తూటా కిలోమీటరు దాటి పోగలదు. ఎన్‌సీసీలో, షూటింగ్ క్లబ్బుల్లో నేర్చుకునే పిల్లలకు ఇది ముందే చెప్పాలి. చేతిలోని ఆయుధం ఒక అమానత్. ఐదు డాలర్ల రైఫిల్‌కైనా, సైన్యం మెషీన్‌గన్‌కైనా బ్రౌనింగ్ పెట్టిన శ్రద్ధ ఒకటే. పనిని అలా నిండుగా చేయడాన్నే మనం ఇహ్సాన్ అంటాం. ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఆ హునర్. దాన్ని దేనికి వాడాలన్న బాధ్యత మాత్రం పట్టుకున్న వాళ్లదే.