మన మాటలో బడి పెట్టించిన హైమన్‌డార్ఫ్

మా గోండు ఊర్లలో పెద్దలు ఇప్పటికీ తలుచుకునే హైమన్‌డార్ఫ్ గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1909లో ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీమ్‌ను చంపినంక, గోండుల కష్టాలు తెలుసుకొమ్మని నిజాం సర్కారు ఆయనను ఆదిలాబాద్ అడవులకు పంపింది. ఆయన, భార్య బెట్టి మార్లవాయిలో గుడిసెలో ఉన్నరు. గోండి నేర్చుకున్నరు.

తెలియని భాషలో చెబితే పిల్లలకు చదువు ఎట్లా వస్తుంది? అందుకే 1943లో మార్లవాయిలో గోండు యువకులకే పంతుళ్ళ శిక్షణ మొదలుపెట్టించారు. గోండిలో వాచకాలు తయారైనయి. పంతులు తమవాడే, మాట తమదే. ఇక బడి అంటే భయమెందుకు?

తర్వాత ఆయన లండన్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ అయ్యారు. 1987లో బెట్టి, 1995లో ఆయన చనిపోయారు. ఇద్దరి సమాధులూ మార్లవాయిలోనే ఉన్నయి.

మా ఇంట్లో బడికి వచ్చిన మొదటిదాన్ని నేనే. కొత్తలో తెలుగు సరిగా రాక మూలకు కూర్చునేదాన్ని. ఒక అక్క గోండిలో పలకరించినంకనే నోరు విప్పిన. రేపు కాలేజీకి పోయినా మొదటి దినం అట్లా పలకరించేవాళ్ళు ఒక్కరుంటే చాలు, చదువు మానము.

ఈ ఏడు చేరిన చెల్లెండ్లు రాత్రిపూట ఏడుస్తున్నరు. వార్డెన్ మేడం గారూ, వాళ్ళ మాట వచ్చిన అక్కలకు వాళ్ళ పక్కన చోటివ్వండి.