దివానుగారి గాజుసంపద

హైదరాబాదు సంస్థానానికి దివానులను ప్రసాదించిన సాలార్‌జంగు వంశంలో మూడవవారైన మీర్ యూసుఫ్ అలీఖాన్ 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించారు. నెల నిండకుండానే తండ్రి కాలం చేశారు. ముప్పది సంవత్సరాలు దివానుగిరి నెరపిన తాత, మొదటి సాలార్‌జంగు, 1883లోనే గతించారు. పొత్తిళ్ళలోని బిడ్డకు మిగిలినవి విశాలమైన జాగీరు, పాతబస్తీలోని దివాన్ దేవిడీ, పెద్దలు కూడబెట్టిన కళావస్తువులు. తాత 1876లో రోములో కొన్న మేలిముసుగు రెబెక్కా పాలరాతి విగ్రహం వాటిలోనిదే.

1912లో నిజాం ఆయనను దివానుగా నియమించారు. రెండేండ్లకే, 1914 నవంబరులో, ఆ పదవిని వదలుకొన్నారు. తరువాతి జీవితమంతా సేకరణకే అంకితమైంది. విదేశయాత్రలలో తామే కొనేవారు. వర్తకులు సరుకును దేవిడీకే తెచ్చి చూపేవారు. మంచిదీ సామాన్యమైనదీ కలిపి కొన్నారని రసజ్ఞులు ఆక్షేపించారు. ఆ ఆక్షేపణలో కొంత నిజం లేకపోలేదు. అయితే గొప్ప చిత్రపటాల వేటలో ఉన్నవారు చేతికందినా విడిచిపెట్టే చిన్న వస్తువులు నిలిచింది ఆ విచ్చలవిడి అభిరుచి వల్లనే.

అత్తరుబుడ్లు, పన్నీరుబుడ్లు అటువంటివి. మన పెండ్లిపందిళ్ళలో అతిథులపై పన్నీరు చిలకరించే సన్నమెడ బుడ్డికి పారశీకంలో గాజుతో చేసిన సోదరులున్నారు. కరీంనగరపు వెండితీగ పనివారు అత్తరుదానులను అల్లారు. వెనిస్ ప్రభుత్వం అగ్నిభయంతో 1291లో గాజుకొలుములను మురానో ద్వీపానికి తరలించగా, ఆ ద్వీపమే గాజుకళకు పుట్టినిల్లయింది. బొహీమియావారు దళసరి గాజును రత్నంవలె చెక్కారు. మన అత్తరుకు చందనతైలం ఆధారం. పాశ్చాత్య పరిమళద్రవ్యానికి సారాయి ఆధారం కనుక అది త్వరగా ఆవిరైపోతుంది. అందుచేత వారి సీసాకు బిరడా బిగువుగా అమరేటట్లు అరగదీయడం ఒక ప్రత్యేక విద్య అయింది. ఇరువదవ శతాబ్ది ఆరంభంలో ఫ్రాన్సులో కోటీ అనే సుగంధవర్తకునికి రెనే లాలీక్ సీసాలు రూపొందించిన నాటినుండి సీసాయే శిల్పమైంది. పరిమళం పోతుంది, పాత్ర ఉంటుంది. సేకర్తకు చివరికి దక్కేది పాత్రయే.

అదైనా దక్కుతుందా అన్న ప్రశ్న ఆయన మరణంతో ఎదురైంది. వివాహం చేసుకొనని ఆయన 1949 మార్చి 2న కన్నుమూశారు. హక్కుదారులుగా పలువురు బంధువులు ముందుకు వచ్చారు. వాటాలు వేస్తే ముందుగా చెల్లాచెదరయ్యేది గుప్పిట్లో ఇమిడే ఈ చిన్న వస్తువులే. ఆనాటి పాలనాధికారి వెల్లోడి, కళావిమర్శకులు జేమ్స్ కజిన్స్‌ను రప్పించి వస్తువులను దేవిడీలోనే ప్రదర్శనగా అమర్పించారు. 1951 డిసెంబరు 16న నెహ్రూ దానిని ప్రారంభించారు. 1958లో వారసులు రాజీకి సమ్మతించగా కేంద్రప్రభుత్వం స్వీకరించింది. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది.

1968లో ఆ సేకరణ మూసీ ఒడ్డున కట్టిన కొత్త భవనానికి తరలింది. ఐరోపా గాజుకు అక్కడ ప్రత్యేక స్థానముంది.