విమానం కంటే ముందు రుజువు అడిగినోడు

విమానం ఎక్కినప్పుడల్లా నాకు అలాన్ ట్యూరింగ్ యాదికొస్తడు. 1912ల లండన్‌ల పుట్టిండు, యుద్ధంల జర్మనోళ్ల ఎనిగ్మా గుట్టు విప్పిండు. ఇది అందరికెరుకే. నేను చెప్పేది 1949 ముచ్చట. పెద్ద ప్రోగ్రామ్ సరిగ్గున్నదని ఎట్ల తేల్చాలె? నడుమ నడుమ ఏది నిజం కావాలెనో రాసుకొని, ఒక్కొక్కటి విడిగ రుజువు చేస్తే మొత్తం రుజువైతదని కేంబ్రిడ్జి సభల చెప్పిండు. చాన ఏండ్లు ఆ మాట మరుగునే పడ్డది. మగాయనతోని సంబంధమున్నదని 1952ల ఆయన దేశమే శిక్షేసింది. 1954ల, 41 ఏండ్లకే పోయిండు. 2013ల క్షమాభిక్ష పెట్టిన్రు. ఎవలు ఎవల్ని క్షమించాలె!

ఆయన పోయినంక, 1996ల, ఏరియన్-5 రాకెట్ సాఫ్ట్‌వేర్ పట్టని అంకెను 16 బిట్లల ఇరికించబోయింది. 40 సెకన్ల అటుఇటుల రాకెట్ తునకలైంది. తర్వాత ఎయిర్‌బస్ ఎ380ని నడిపే సాఫ్ట్‌వేర్‌ల గసొంటి తప్పుల్లేవని లెక్కతోనే రుజువు చేసిన్రు.