తెలుగులో లెక్క చెప్పిన పావులూరి మల్లన

మన హాస్టల్‌లో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల నుంచి వచ్చి తెలుగు మీడియంలో చదివినవాళ్లే ఎక్కువ. పెద్ద లెక్కలు మన భాషలో ఇమడవేమో అన్న అనుమానం మనలో చాలామందికి ఉంది. ఆ అనుమానాన్ని దాదాపు వెయ్యేళ్ల కిందటే తీర్చిన మహనీయులు పావులూరి మల్లన.

ఆయన కమ్మనాటి పావులూరుకు చెందినవారు. ఆ ఊరి కరణం అని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. రాజమహేంద్రవరం నుంచి వేంగిని పాలించిన రాజరాజ నరేంద్రుడు పిఠాపురం దగ్గరి నవఖండవాడను ఈ కుటుంబానికి అగ్రహారంగా ఇచ్చాడని ప్రసిద్ధి. నన్నయ గారు భారతం తెనిగించింది ఆ రాజు కొలువులోనే.

ఆ రోజుల్లో గణితం నేర్చుకోవాలంటే సంస్కృతం రావాలి. సుమారు 850లో మహావీరాచార్యులు రచించిన 'గణిత సార సంగ్రహం' కూడా సంస్కృతమే. మల్లన దాన్ని 'సార సంగ్రహ గణితము' పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. ఉన్నదున్నట్టు అనువదించలేదు. జైన మతానికి సంబంధించిన ఉదాహరణలు తీసి శివభక్తికి సంబంధించినవి పెట్టారు. అందుకే అది తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరు పొందింది.

ఆయనదిగా చెప్పే చదరంగం పద్యం చాలా ప్రసిద్ధం. మీరూ నోట్‌బుక్‌లో అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లు గీయండి. మొదటి గడిలో 1 గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టింపు చేస్తూ పోండి. మొదటి వరుస మొత్తం 255 గింజలు, గుప్పెడు కూడా కాదు. ఏ గడిని చూసినా దాని పైగడికి 256 రెట్లు ఉంటుంది. మూల నుంచి ఐమూలగా దిగితే అడుగడుగుకూ 512 రెట్లు. నాలుగు వరుసలు నిండేసరికి 429 కోట్లు దాటుతాయి. కిలోకు 40 వేల బియ్యపు గింజలు అనుకుంటే ఇది 107 టన్నులు!

మొత్తం కూడటానికి ఒక కిటుకుంది. ఏ గడి వరకు కూడినా, వచ్చేది తర్వాతి గడి సంఖ్య కంటే ఒకటే తక్కువ. అలా 64 గళ్లకు 18446744073709551615 వస్తుంది. ప్రపంచంలో ఏటా పండే బియ్యం 50 కోట్ల టన్నులు దాటుతుంది. అలా 800 ఏళ్లకు పైగా పండిస్తే గానీ ఈ గళ్లు నిండవు.

ఈ 20 అంకెల సంఖ్య ఒక్క పద్యంలో ఇమిడింది. చంద్రుడంటే 1, వేదాలంటే 4, శరాలంటే 5, గగనమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కో మాటకు ఒక్కో అంకె రాసుకుంటూ ఎడమకు పోవాలి. పద్యం నోటికి వస్తే సంఖ్య మరిచిపోవడం ఉండదు.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి వ్యక్తిని నేనే. పీజీలో చేరిన కొత్తలో రెట్టింపుల లెక్క అడిగారు. గుణశ్రేఢి అని నాకు తెలుసు, దాని ఇంగ్లీషు పేరు తెలియదు. లెక్క వచ్చి కూడా రానట్టే తల దించుకుని కూర్చున్నాను. ఆ పేరు నేర్చుకోవడానికి ఒక్క పూట పట్టింది, పోయిన ధైర్యం తిరిగి రావడానికి ఏడాది పట్టింది. మల్లన గురించి అప్పటికే తెలిసి ఉంటే అంత కుంగిపోయేవాణ్ణి కాదు.

మన పాలకుర్తి సోమనాథుడు భక్తిని జనం తెలుగులో చెప్పారు. అంతకుముందే మల్లన లెక్కను తెలుగులో చెప్పారు. ఇంగ్లీషు తప్పక నేర్చుకుందాం. కానీ తెలుగులో అర్థమైన లెక్క కూడా అసలైన లెక్కే. క్లాసులో చెయ్యి ఎత్తడానికి అది చాలు.